లెక్క అడిగే హక్కు: పౌరుడికీ ప్రభుత్వానికీ మధ్య ఉన్న సంబంధం

‘ప్రభుత్వం’ అనే మాటలో ప్రభువు ఉన్నాడు. బ్రిటిష్ కాలం నాటి తెలుగు రాతల్లో కనిపించే ‘దొరతనమువారు’ అనే మాటలో దొర ఉన్నాడు. ‘ప్రజ’ అనే సంస్కృత పదానికి సంతానం అనే అర్థం కూడా ఉంది. రాజు తండ్రి, జనం బిడ్డలు అనే పాత ఊహ ఆ ఒక్క పదంలోనే ఇమిడిపోయింది. తండ్రి ఏదైనా ఇస్తే అది ప్రేమ, ఇవ్వకపోతే బిడ్డల ప్రాప్తం. లెక్క అడగాలనే ఆలోచనే అక్కడ పుట్టదు.

‘పౌరుడు’ అనే మాట వచ్చిన దారి వేరు. పురంలో ఉండేవాడు పౌరుడు అన్నది దాని మొదటి అర్థం. ఇప్పుడు దానికి ఇంకా బరువైన అర్థం వచ్చి చేరింది: ఆ పురం బాగోగుల్లో వాటా ఉన్నవాడు, దాని వ్యవహారాల గురించి నోరు తెరిచి మాట్లాడే అధికారం ఉన్నవాడు. రోజువారీ మాటల్లో ప్రజలు, పౌరులు అనే రెండిటినీ కలిపేసి వాడేస్తుంటాం. కానీ వాటి మధ్య దూరం చాలా ఉంది. ఆ దూరం నడవడానికి మనుషులకు వేల ఏళ్లు పట్టింది. ఇప్పటికీ అందరూ నడిచి రాలేదు.

అసలు ప్రభుత్వం ఎందుకు?

ఈ ప్రశ్నకు సిద్ధాంతాలు చెప్పే జవాబుల కంటే 19వ శతాబ్దపు లండన్ నగరం చెప్పే జవాబు సులువుగా అర్థమవుతుంది. అప్పట్లో ఆ నగరంలో మంచినీళ్లు అమ్మేది ప్రైవేటు కంపెనీలు. కొన్ని కంపెనీలు నగరం మురుగంతా కలిసే చోటే థేమ్స్ నది నుంచి నీళ్లు తోడి ఇళ్లకు పంపేవి. కలరా మళ్లీ మళ్లీ వచ్చింది. 1854లో సోహో ప్రాంతంలో ఒక్క బ్రాడ్ స్ట్రీట్ చుట్టుపక్కలే 600 మందికి పైగా చనిపోయారు. జాన్ స్నో అనే వైద్యుడు ఏ ఇంట్లో ఎంతమంది పోయారో తిరిగి తెలుసుకుని, చావులన్నీ ఒక నీటి పంపు చుట్టూ పోగవుతున్నాయని చూపించాడు. ఆయన మాట విని స్థానిక బోర్డు ఆ పంపు పిడి ఊడదీయించింది.

పిడి తీయడానికి ఒక మనిషి చాలు. నగరం మొత్తానికి మురుగు కాలువలు కట్టడం ఎవరి చేతిలో ఉంది? డబ్బున్న కుటుంబం తన ఇల్లు శుభ్రంగా పెట్టుకోగలదు, తాగే నీళ్లు దూరం నుంచి తెప్పించుకోగలదు. కానీ పక్క వీధి మురుగు భూమిలోకి ఇంకి ఎక్కడి బావిలో తేలుతుందో ఆ కుటుంబం చేతిలో లేదు. ఒకరి శుభ్రత ఇంకొకరి మురికి మీద ఆధారపడి ఉంది. అలాంటి పనికి అందరి డబ్బూ కావాలి, అందరి వీధులూ తవ్వాలి, ఒప్పుకోని వాళ్లకూ అదే నియమం వర్తించాలి. ఏ కంపెనీకీ, ఏ దానశీలికీ అది సాధ్యం కాదు.

1858 వేసవిలో థేమ్స్ నది కంపు పార్లమెంటు భవనంలోకి వచ్చింది. కిటికీ తెరలను సున్నపు మందులో తడిపి వేలాడదీసినా సభ్యులు కూర్చోలేకపోయారు. అన్నేళ్లుగా నానుతున్న పనికి కొద్ది వారాల్లోనే చట్టం వచ్చింది. జోసెఫ్ బజల్జెట్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో నగరం కింద భారీ కాలువల నిర్మాణం మొదలైంది. 1866లో లండన్‌లో కలరా మరోసారి వచ్చినప్పుడు అది ఎక్కువగా తూర్పు ప్రాంతాన్నే పట్టుకుంది. కొత్త కాలువల పని ఇంకా పూర్తికానిది అక్కడే.

ఈ ఒక్క కథలో ప్రభుత్వం చేయాల్సిన పనులు చాలావరకు కనిపిస్తాయి. ఒంటరిగా ఎవరూ కట్టుకోలేని వాటిని అందరి సొమ్ముతో కట్టడం ఒకటి. కంపెనీలు ఎక్కడి నుంచి నీళ్లు తోడాలో చట్టం చేసి అదుపు చేయడం ఇంకోటి. 1852లో అలాంటి చట్టమే వచ్చింది, 1855 కల్లా నీటిని నది పైభాగం నుంచి తీసుకోవాలని కంపెనీలకు గడువు పెట్టింది. మూడోది కూడా ఉంది, అది అంత ఇంపైన విషయం కాదు: పేదల వీధుల్లో వేలమంది పోయినప్పుడు కదలని వ్యవస్థ, పాలకుల ముక్కు దాకా కంపు వచ్చాక కదిలింది. ప్రభుత్వానికి చేసే శక్తి ఉండటం ఒక ఎత్తు, ఎవరి కోసం కదులుతుందన్నది ఇంకో ఎత్తు. పౌరసత్వం అనే విషయం మొత్తం ఆ రెండో దాని చుట్టూనే తిరుగుతుంది.

రక్షణ, కోర్టులు, నాణేలు, కొలతలు, రోడ్లు, టీకాలు, వరదల హెచ్చరికలు ఇవన్నీ ఇదే కోవలోవి. మశూచిని తీసుకోండి. సహజంగా సోకిన చివరి కేసు 1977లో సోమాలియాలో నమోదైంది, 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ వ్యాధి భూమి మీద లేదని ప్రకటించింది. మశూచి లేని ప్రపంచాన్ని ఏ ధనవంతుడూ తన ఒక్కడి కోసం కొనుక్కోలేడు. వస్తే అది అందరికీ రావాలి, లేకపోతే ఎవరికీ రాదు.

బలం ఎవరి చేతిలో ఉందో అక్కడే ప్రమాదం

ఒక సంఘం చందా అడుగుతుంది, ఇవ్వకపోతే మహా అయితే సభ్యత్వం పోతుంది. ప్రభుత్వం పన్ను అడుగుతుంది, ఇవ్వకపోతే ఆస్తి జప్తు చేస్తుంది. మనిషిని పట్టుకుని గదిలో పెట్టి తాళం వేస్తే అది నేరం; అదే పని కోర్టు ఉత్తర్వుతో పోలీసులు చేస్తే చట్టం అమలు. ఒక భూభాగంలో బలప్రయోగం చేసే న్యాయమైన హక్కు తనకొక్కదానికే ఉందని చెప్పుకునేదే రాజ్యం అని జర్మన్ సామాజికవేత్త మాక్స్ వెబర్ 1919లో చేసిన నిర్వచనం ఇందుకే ఇంతకాలం నిలిచింది.

ఇంత బలం ఒకే చేతిలో ఉంటే ఏమవుతుందో చరిత్ర చాలాసార్లు చూసింది. అందుకే చట్టం చేసేవాళ్లు, అమలు చేసేవాళ్లు, తగువు వస్తే తీర్పు చెప్పేవాళ్లు వేరువేరుగా ఉండాలన్న ఏర్పాటు వచ్చింది. పోలీసు తన మీద వచ్చిన ఫిర్యాదుకు తానే జడ్జి అయితే ఆ ఫిర్యాదు గతి ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. శాసనసభ, కార్యనిర్వాహక వర్గం, న్యాయస్థానాలు అని పాఠ్యపుస్తకాల్లో గళ్లు గీసి చూపించే విభజన వెనక ఉన్నది ఈ చిన్న అనుమానమే. కేంద్రం, రాష్ట్రం, స్థానిక సంస్థ అంటూ అధికారాన్ని మెట్లుగా పంచడంలోనూ కొంత ఇదే ఉంది, కొంత సౌకర్యం ఉంది. వీధి దీపం వెలగకపోతే రాజధానికి వెళ్లాల్సిన అవసరం ఎవరికీ ఉండకూడదు కదా.

ఇక్కడ మూడు మాటలను విడదీసి చూసుకోవాలి. దేశం అంటే అక్కడి నేల, మనుషులు, వాళ్లు కలిసి బతికిన చరిత్ర. రాజ్యం అంటే రాజ్యాంగం, కోర్టులు, సైన్యం, ఉద్యోగ వ్యవస్థ కలిసిన శాశ్వత నిర్మాణం. ప్రభుత్వం అంటే ఆ నిర్మాణాన్ని కొంతకాలం నడపడానికి జనం ఎంచుకున్న బృందం. ఈ మూడూ ఒకటే అనుకోవడం వల్ల చాలా నష్టం జరిగింది, జరుగుతోంది. ప్రభుత్వాన్ని విమర్శిస్తే దేశాన్ని తిట్టినట్టు చిత్రించడం ఈ గందరగోళం నుంచే వస్తుంది. ఒక పథకం మీద నాయకుడి బొమ్మ వేసి ‘ఆయన ఇచ్చాడు’ అనడం కూడా ఇక్కడి నుంచే వస్తుంది. ఇచ్చిన సొమ్ము పన్ను కట్టినవాళ్లది, ఖర్చుకు ఒప్పుకున్నది చట్టసభ, అమలు చేసింది ఉద్యోగులు. నాయకుడు తీసుకున్న నిర్ణయానికి మెచ్చుకోలు తప్పకుండా దక్కాలి, కానీ అది ఆయన దానం ఎప్పటికీ కాదు. దానం అనుకున్న రోజున పౌరుడు మళ్లీ పాత ‘ప్రజ’ అయిపోతాడు.

పన్ను గురించి ఒక అపోహ కూడా ఉంది. ఆదాయపు పన్ను కట్టేవాళ్లే పన్ను కడుతున్నారని, మిగతావాళ్లు ఊరికే లాభం పొందుతున్నారని అంటుంటారు. సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా, బస్సు తాగే డీజిల్ అయినా ధరలో పన్ను కలిసే ఉంటుంది. ఆ పన్ను కట్టకుండా బతికే పేదవాడు ఏ దేశంలోనూ దాదాపుగా ఉండడు. ఖజానాను లెక్క అడిగే హక్కు అతనికీ అంతే ఉంది.

పన్నుకూ పౌరసత్వానికీ ఉన్న ముడి చాలా పాతది. 1215లో ఇంగ్లండ్ రాజు జాన్ ప్రభువుల ఒత్తిడికి లొంగి ఒప్పుకున్న మాగ్నా కార్టాలో, కొన్ని రకాల పన్నులు సభ సమ్మతి లేకుండా వేయకూడదన్న షరతు ఉంది. చట్టప్రకారం తప్ప స్వేచ్ఛగా ఉన్న ఏ మనిషినీ బంధించకూడదన్న మాట కూడా ఉంది. అది సామాన్యుల కోసం రాసింది కాదు, ప్రభువులు తమ కోసం రాయించుకున్నది. అయినా ఒకసారి కాగితం మీదికి ఎక్కిన మాట అక్కడే ఆగలేదు. 1789 ఆగస్టులో ఫ్రాన్స్ జాతీయ సభ చేసిన మానవ, పౌర హక్కుల ప్రకటన ఇంకా ముందుకు పోయింది. పన్ను అవసరమా కాదా తేల్చుకునే హక్కు, అది ఎలా ఖర్చవుతోందో చూసే హక్కు పౌరులకు ఉన్నాయని 14వ అధికరణం చెప్పింది. ప్రతి ప్రభుత్వోద్యోగినీ అతని పాలన గురించి లెక్క అడిగే హక్కు సమాజానికి ఉందని 15వది చెప్పింది. అదే ప్రకటన ఆడవాళ్లను పౌరులుగా లెక్కలోకి తీసుకోలేదు. ఆ సంగతి ఎత్తిచూపుతూ 1791లో స్త్రీల హక్కుల ప్రకటన రాసిన ఒలాంప్ ద గూజ్‌ను 1793లో తల నరికే యంత్రం గిలటిన్ ఎక్కించారు.

ఎవరు లోపల, ఎవరు బయట

ఒక మనిషి ఏ దేశ పౌరుడో తేల్చడానికి ప్రపంచంలో ముఖ్యంగా రెండు పద్ధతులు ఉన్నాయి. పుట్టిన నేలను బట్టి ఇవ్వడం ఒకటి, తల్లిదండ్రుల రక్తసంబంధాన్ని బట్టి ఇవ్వడం రెండోది. కొన్నేళ్లు నివసించి దరఖాస్తు చేసుకుని పొందడం ఈ రెండిటికీ తోడుగా ఉన్న మూడో దారి.

రక్తసంబంధం పద్ధతి ప్రాచీన గ్రీసులోని ఏథెన్స్ నగరమంత పాతది. అక్కడ పౌరులే సభలో కూర్చుని నేరుగా నిర్ణయాలు చేసేవాళ్లు. కానీ ఆడవాళ్లు, బానిసలు, బయటి నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు పౌరులు కారు. క్రీస్తుపూర్వం 451లో పెరిక్లీస్ అనే నాయకుడు తల్లీ తండ్రీ ఇద్దరూ ఏథెన్స్ వాళ్లయితేనే బిడ్డకు పౌరసత్వం అని చట్టం తెచ్చాడు. ఇరవై ఏళ్లకు ప్లేగు వచ్చి ఆయన సొంత కొడుకులు ఇద్దరూ పోయారు. మిగిలినవాడు వేరే ఊరి స్త్రీ అస్పాసియాకు పుట్టిన కొడుకు. ఆ పిల్లవాడు తండ్రి చట్టం ప్రకారం పౌరుడు కాదు. అతనికి మినహాయింపు ఇవ్వమని పెరిక్లీస్ ఏథెన్స్ జనాన్నే వేడుకోవాల్సి వచ్చింది, వాళ్లు ఇచ్చారు. గీత ఎవరు గీసినా, అది ఎప్పుడో ఒకప్పుడు గీసినవాడి ఇంటి గుమ్మం మీదుగానే పోతుంది.

నేలను బట్టి ఇచ్చే పద్ధతికి పేరుపొందింది అమెరికా. నల్లజాతివాళ్లు పౌరులు కాలేరని 1857లో అక్కడి సుప్రీంకోర్టు డ్రెడ్ స్కాట్ అనే బానిస వేసిన కేసులో చెప్పింది. అంతర్యుద్ధం తర్వాత 1868లో వచ్చిన 14వ సవరణ ఆ తీర్పును తుడిచేసి, ఆ నేల మీద పుట్టి దాని చట్టానికి లోబడినవాళ్లంతా పౌరులే అంది. సాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా తల్లిదండ్రులకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్‌ను విదేశం నుంచి తిరిగి వస్తుంటే రేవులో ఆపేశారు. అతను కోర్టుకు వెళ్లి 1898లో గెలిచాడు. ఇంకోవైపు జర్మనీలో చాలాకాలం రక్తమే ప్రమాణం. పనికోసం పిలిపించుకున్న టర్కీ కార్మికుల పిల్లలు అక్కడే పుట్టి, అక్కడే చదువుకున్నా విదేశీయులుగానే ఉండిపోయారు. 2000 నుంచి కొన్ని షరతులతో పుట్టుకను కూడా లెక్కలోకి తీసుకున్నారు.

చాలా దేశాలు ఈ రెండిటినీ కలిపి వాడతాయి, కాలాన్ని బట్టి మారుస్తాయి కూడా. భారత చట్టమే ఉదాహరణ. గణతంత్రం వచ్చిన 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ దాకా దేశంలో పుడితే దాదాపుగా చాలు. ఆ ఏడాది జులై 1 నుంచి తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండాలన్నారు. 2004 డిసెంబర్ 3 నుంచి ఆ రెండోవారు అక్రమంగా వచ్చినవాళ్లు కాకూడదన్న షరతు కూడా చేరింది. ఒకే ఊళ్లో, ఒకే ఇంట్లో పుట్టినా పుట్టిన తేదీని బట్టి చూపాల్సిన రుజువు మారిపోతుందన్నమాట.

గీత లోపల ఉన్నవాళ్లకు పౌరసత్వం గాలి లాంటిది, ఉన్నట్టే తెలియదు. అది పోయినవాళ్లను చూస్తేనే దాని విలువ అర్థమవుతుంది. పంజాబ్ నుంచి అమెరికా వెళ్లిన భగత్‌సింగ్ థిండ్ మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆ దేశ సైన్యంలో పనిచేశాడు, పౌరసత్వమూ పొందాడు. 1923లో సుప్రీంకోర్టు అతను ‘తెల్లవాడు’ కాదు కాబట్టి పౌరసత్వానికి అర్హుడు కాదంది. ఆ తీర్పు పట్టుకుని అప్పటికే పౌరులైన ఇతర భారతీయుల కాగితాలు కూడా రద్దు చేశారు. థిండ్‌కు మళ్లీ పౌరసత్వం దక్కింది 1936లో. అదే దేశంలో 1907 చట్టం ప్రకారం విదేశీయుణ్ణి పెళ్లాడిన అమెరికన్ స్త్రీ తన పౌరసత్వం పోగొట్టుకునేది. విదేశీ స్త్రీని పెళ్లాడిన మగవాడికి మాత్రం ఏమీ అయ్యేది కాదు.

ఇంకా ఘోరమైనది నాజీ జర్మనీలో జరిగింది. 1941 నవంబర్‌లో జారీ చేసిన ఒక ఉత్తర్వు ప్రకారం దేశం సరిహద్దు దాటి బయట నివసించే యూదులకు జర్మన్ పౌరసత్వం పోతుంది, ఆస్తి ప్రభుత్వపరం అవుతుంది. వాళ్లను రైళ్లలో ఎక్కించి సరిహద్దు దాటించింది ఆ ప్రభుత్వమే. మనుషులను చంపడానికి ముందు వాళ్లను ఎవరికీ చెందనివాళ్లుగా మార్చడం ఆ యంత్రాంగంలో ఒక మెట్టు.

ఆ అనుభవం తర్వాతే 1948 సార్వత్రిక మానవ హక్కుల ప్రకటన 15వ అధికరణంలో ప్రతి మనిషికీ ఒక జాతీయత హక్కుగా ఉండాలని రాసుకున్నారు. 1954లోనూ 1961లోనూ ఏ దేశ పౌరసత్వమూ లేనివాళ్ల కోసం అంతర్జాతీయ ఒప్పందాలు వచ్చాయి. అయినా సమస్య తీరలేదు. మయన్మార్ 1982 పౌరసత్వ చట్టం తర్వాత అక్కడి ముస్లిం మైనారిటీ అయిన రోహింగ్యాల్లో అత్యధికులు సొంత నేల మీదే పరాయివాళ్లయ్యారు. డొమినికన్ రిపబ్లిక్‌లో 2013లో రాజ్యాంగ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు 1929 దాకా వెనక్కి వెళ్లి, అక్కడే పుట్టిన హైతీ సంతతి వాళ్ల పౌరసత్వాన్ని ప్రశ్నార్థకం చేసింది. ఏ దేశమూ తనదనుకోని మనిషికి పిల్లల జనన ధ్రువపత్రం, పెళ్లి నమోదు, బడిలో సీటు, బ్యాంకు ఖాతా, పాస్‌పోర్టు ఒక్కొక్కటీ ఒక యుద్ధమే. వాటికంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది: తనకు అన్యాయం జరిగితే ఏ ప్రభుత్వాన్నీ ‘నువ్వు నాకు జవాబు చెప్పాలి’ అని అడగలేడు.

అలాగని పౌరుడు కానివాడికి హక్కులే ఉండవని కాదు. చాలా రాజ్యాంగాలు హక్కులను రెండు రకాలుగా విడదీస్తాయి. భారత రాజ్యాంగంలో చట్టం ముందు సమానత్వం ఇచ్చే 14వ అధికరణం, ప్రాణానికీ వ్యక్తి స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే 21వ అధికరణం ఇక్కడ ఉన్న ప్రతి మనిషికీ వర్తిస్తాయి. భావప్రకటన, సభలు పెట్టుకోవడం లాంటి 19వ అధికరణం స్వేచ్ఛలు పౌరులవి. బతికే హక్కు మనిషికి ఉంటుంది, పాలనలో మాట చెల్లే హక్కు పౌరుడికి ఉంటుంది.

ఓటు, ఓటుకీ ఓటుకీ మధ్య

ఓటు హక్కు ఎంత నెమ్మదిగా వచ్చిందో చెప్పడానికి రెండు తేదీలు చాలు. దేశస్థాయిలో ఆడవాళ్లకు ఓటు ఇచ్చిన మొదటి దేశం న్యూజిలాండ్, 1893లో. శతాబ్దాల ప్రజాస్వామ్య సంప్రదాయం ఉందని చెప్పుకునే స్విట్జర్లాండ్‌లో ఆడవాళ్లకు జాతీయ ఎన్నికల్లో ఓటు వచ్చింది 1971లో.

కానీ ఓటు కొన్నేళ్లకోసారి వస్తుంది. మధ్యలో ఉన్న వందలాది రోజుల సంగతి ఏమిటి? ఆర్థికవేత్త అమర్త్య సేన్ చేసిన ఒక పరిశీలన ఇక్కడ బాగా పనికొస్తుంది. ఎన్నికలు, ప్రతిపక్షం, స్వేచ్ఛగా రాసే పత్రికలు ఉన్న దేశంలో పెద్ద ఎత్తున కరువు చావులు జరగలేదని ఆయన చూపించాడు. 1943లో బెంగాల్ కరువులో లక్షలమంది చనిపోతుంటే పాలిస్తున్నవాళ్లు వాళ్ల ఓట్ల మీద ఆధారపడినవాళ్లు కాదు. కలకత్తాలోని ది స్టేట్స్‌మన్ పత్రిక ఆ ఆగస్టులో వీధుల్లో పడి ఉన్న ఆకలి మనుషుల ఫొటోలు అచ్చు వేశాకే విషయం బయట ప్రపంచానికి గట్టిగా తెలిసింది. 1959–61 మధ్య చైనా కరువులో కోటిమందికి పైగా పోయారు. పంట ఎక్కువ వచ్చిందని కింది అధికారులు పైకి తప్పుడు లెక్కలు పంపుతుంటే, అవి అబద్ధమని రాయగల పత్రిక ఒక్కటీ లేదు. గింజల కొరత ఒక్కటే జనాన్ని చంపలేదు. కింద ఏం జరుగుతోందో పైకి చెప్పే నోరు, చెప్పినప్పుడు పైవాళ్లకు పుట్టాల్సిన భయం, రెండూ లేకపోవడం చంపింది.

బాధ్యతలు అనే మాట ఎలా వాడుతున్నారు

పౌరుడికి బాధ్యతలు ఉన్నాయి. పన్ను సరిగ్గా కట్టాలి, చట్టం పాటించాలి, కోర్టు పిలిస్తే సాక్ష్యం చెప్పాలి, అందరి ఆస్తినీ తన ఆస్తిలా చూసుకోవాలి. కొన్ని దేశాల్లో జ్యూరీలో కూర్చోవాలి, కొన్నిచోట్ల సైన్యంలో కొంతకాలం పనిచేయాలి. ఆస్ట్రేలియాలో 1924 నుంచి జాతీయ ఎన్నికల్లో ఓటు వేయడం చట్టప్రకారం తప్పనిసరి. ఇందులో వివాదం పెద్దగా లేదు.

వివాదం వచ్చేది ‘ముందు బాధ్యతలు నెరవేర్చు, తర్వాత హక్కులు అడుగు’ అనే మాట దగ్గర. వినడానికి బాగుంటుంది కానీ అది తప్పు. పసిబిడ్డ ఏ బాధ్యతా నెరవేర్చదు, అయినా దాని ప్రాణానికి రక్షణ ఉంది. హత్య చేశాడని ఆరోపణ ఉన్నవాడికీ లాయర్‌ను పెట్టుకునే హక్కు ఉంది, ఎందుకంటే ఆరోపణ అబద్ధం కావచ్చు. హక్కులు మంచి ప్రవర్తనకు ఇచ్చే బహుమతి అయితే, ఎవరి ప్రవర్తన మంచిదో తేల్చే పని ప్రభుత్వానికే పోతుంది. అప్పుడు హక్కులు ఎవరి మీద అదుపుగా ఉండాలో వాళ్ల చేతికే తాళంచెవి ఇచ్చినట్టు అవుతుంది.

చట్టం పాటించడం గురించి కూడా ఒక చిక్కు ప్రశ్న ఉంది. చట్టమే అన్యాయంగా ఉంటే? 1955 డిసెంబర్ 1న అమెరికాలోని మాంట్‌గొమరీలో రోజా పార్క్స్ బస్సులో తెల్ల ప్రయాణికుడి కోసం సీటు ఖాళీ చేయనంది. ఆ ఊరి నియమం ప్రకారం అది నేరం, ఆమెను అరెస్టు చేశారు. నల్లజాతివాళ్లు 381 రోజులు బస్సులు ఎక్కకుండా నడిచారు. ఆ లోపు వేరే కేసులో కోర్టులు బస్సుల్లో వేరువేరు సీట్ల నియమాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశాయి. ఆమె చట్టం తప్పింది, కానీ దాక్కోలేదు, పారిపోలేదు. దొంగతనంగా నియమం తప్పేవాడికీ, అందరి ముందు నిలబడి ‘ఈ నియమం తప్పు’ అని చెప్పి దాని ఫలితం భరించేవాళ్లకూ ఉన్న తేడా ఇదే. 1930 ఏప్రిల్ 6న దండి తీరంలో గుప్పెడు ఉప్పు తీసిన గాంధీ కూడా చట్టం తప్పినవాడే. మంచి పౌరుడి లక్షణాల్లో విధేయతను మాత్రమే రాసే పాఠాలు ఈ ఇద్దరికీ చోటు ఇవ్వలేవు.

కాగితాలు తెరిచిన రోజు

అడిగే హక్కు ఉందని రాసుకున్నా, అడగడానికి ముందు ఏం జరిగిందో తెలియాలి. ప్రభుత్వం పని అంతా కాగితాల మీద నడుస్తుంది. ఆ కాగితాలు మూసి ఉంటే అడిగేవాడి చేతిలో మిగిలేది అనుమానమే. అధికారిక పత్రాలను చూసే వీలు పౌరులకు చట్టంతో ఇచ్చిన మొదటి దేశం స్వీడన్, 1766లో. అధికారుల మీద ఫిర్యాదులు విని విచారించే అంబుడ్స్‌మన్ అనే పదవిని కూడా అదే దేశం 1809లో పెట్టింది. అమెరికాలో సమాచార స్వేచ్ఛ చట్టం రావడానికి 1966 దాకా పట్టింది.

భారతదేశంలో ఈ కథ పల్లెల నుంచి మొదలైంది. రాజస్థాన్‌లో 1990లో ఏర్పడిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్‌లో ఉన్నవాళ్లు ఎక్కువగా కూలీలు, చిన్న రైతులు. వాళ్ల గొడవ చాలా చిన్నది: ప్రభుత్వ పనులకు వెళ్తే చట్టం చెప్పిన కనీస కూలి రావడం లేదు. మీరు పని సరిగ్గా చేయలేదు, కొలతల పుస్తకంలో అలా ఉంది అని జవాబు వచ్చేది. ఆ పుస్తకం చూపించమంటే అది రహస్యం అనేవారు. అక్కడే వాళ్లకు విషయం అర్థమైంది. కూలి దాచిన చోటు ఆ కాగితమే.

1994 డిసెంబర్‌లో కోట్ కిరానా అనే ఊళ్లో మొదటి జన్ సున్వాయీ, అంటే బహిరంగ విచారణ పెట్టారు. పంచాయతీ పనుల రికార్డులు సంపాదించి, మస్టర్ రోల్స్‌లో, అంటే కూలీల హాజరు పట్టీల్లో ఉన్న పేర్లు, బిల్లుల్లో ఉన్న వివరాలు ఊరి జనం ముందు బిగ్గరగా చదివారు. పనికి రానివాళ్ల పేర్ల మీద కూలి డబ్బు తీసినట్టు, పూర్తికాని పని పూర్తయినట్టు రాసిన సంగతులు అలా ఒక్కొక్కటీ బయటపడ్డాయి. ఆ తర్వాత విచారణలు ఊరూరా పెరిగాయి. 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజుల ధర్నా జరిగింది. మా సొమ్ము, మా లెక్క అనే అర్థం వచ్చే ‘హమారా పైసా, హమారా హిసాబ్’ అప్పటి నినాదం. 1789లో పారిస్‌లో రాసిన 14, 15 అధికరణాల సారం అంతా ఆ నాలుగు మాటల్లో ఉంది. ఆ నినాదం ఇచ్చినవాళ్లలో చాలామందికి చదవడం రాదు.

సమాచార హక్కు చట్టం 2005 అక్టోబర్ 12 నుంచి అప్పటి జమ్మూకశ్మీర్ రాష్ట్రం తప్ప దేశమంతటా అమల్లోకి వచ్చింది. అడిగిన సమాచారం 30 రోజుల్లో ఇవ్వాలి, ఒకరి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించినదైతే 48 గంటల్లో ఇవ్వాలి. ఆ చట్టం 3వ సెక్షన్ చాలా చిన్నది. పౌరులందరికీ సమాచార హక్కు ఉంటుందని చెప్పి ఆగిపోతుంది. 6వ సెక్షన్‌లో ఒక నియమం ఉంది: ఈ సమాచారం మీకు ఎందుకు అని దరఖాస్తుదారుణ్ణి అడగకూడదు. కౌంటర్ అవతల కూర్చున్న అధికారికి కావాల్సింది ఇవతలి మనిషి చిరునామా మాత్రమే, జవాబు పంపడానికి.